విత్తనపు పాతర

మెట్ట గ్రామములలో పూర్వము కలిగిన కాపు యింటి ముంగిట జొన్నపాతర యొకటి తప్పక యుండెడిది. మెడ యిరుకుగాను కడుపు వెడల్పుగాను, పెద్ద కుండను నేలలో పాతిపెట్టినట్లు గోయి త్రవ్వి, లోపలి గోడలకు గడ్డి చుట్టి, జొన్నలు పోసి, పైన బండ మూసి, దానిమీద మన్ను కప్పి చదును చేసినచో, ఆ ముంగిట నిలుచుండి యజమానితో మాటలాడి పోయెడి క్రొత్తవాడు తన పాదముల క్రింద ఒక సంవత్సరపు గ్రాసము నిలువయున్నదని యెరుగకయే వెడలిపోవును. ఆ పాతరను తెరచుటకు గూడ ఒక పద్ధతి కలదు. బండ తొలగించిన వెంటనే యెవడును లోనికి దిగడు. ముందుగా దీపమును త్రాటికి గట్టి దించి చూచును. దీపమారిపోయినచో లోపలి గాలి చెడియున్నదని గ్రహించి, తగినంతసేపు ఆగిన పిమ్మటనే దిగును. తొందరపడి దిగినవాడు మరల పైకి రాలేదన్న కథలను మా చిన్ననాట పెద్దలు చెప్పగా వినియున్నాము.

ఇంచుమించు గత పాతికేండ్లుగా మనము కొనుచున్న కంప్యూటరులలో అనేకములకు ఇట్టి పాతర యొకటి యున్నదనియు, యంత్రము చెడిపోయినపుడు దానిని మొదటినుండి మరల నిలబెట్టుటకు వలసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లు అందు విత్తనపు గింజలవలె దాచబడియుండుననియు, ఆ గింజలకు మూల్యము చెల్లించినవారము మనమేయనియు చాలమందికి తెలియదు. తెలియకపోవుట వారి తప్పు గాదు. తెలియకుండునట్లే అది అమర్చబడినది. నాకును విజయవాడలోని యొక డీటీపీ కేంద్రమున ఒక యుదయము గడపువరకు అది వినికిడి మాత్రమే.

ఆ కేంద్రమున నా వ్యాసములు అక్షరబద్ధములగుచుండును. దానిని నడుపు మిత్రుడు, తెలుగు ముద్రణారంగమున నేటికిని పెక్కురు చేయునట్లే, 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7ను, అను ఫాంట్లను నమ్ముకొని జీవించువాడు. యూనికోడు పుట్టి పెరిగి లోకమంతట వ్యాపించినను, ఇరువదేండ్లుగా తాను కూర్చిన పుస్తకములన్నియు ఆ పాత అక్షరములలోనే యున్నవానికి క్రొత్త విండోస్‌కు మారుట యనగా, నిండుబండిని నడియేటిలో నిలిపి ఎడ్లను మార్చుటవంటిది. అతని కంప్యూటరు విండోస్ 7 నాటిది. ఆ యుదయమున అది నల్లని తెరపై తెల్లని అక్షరములతో, ఏదో సిస్టమ్ ఫైలు కనబడుట లేదని చెప్పి నిలిచిపోయినది. కబురంపగా వచ్చిన మెకానిక్కు కుర్రవాడు చూచీ చూడకమునుపే తీర్పు చెప్పెను.

"ఫార్మాట్ కొట్టేద్దాం మాస్టారూ. కొత్త విండోస్ ఎక్కించేస్తే గంటలో అయిపోద్ది."

"కొత్తది ఎక్కిస్తే నా పేజ్‌మేకరు గతేంటి తమ్ముడూ? ఆ పాత ప్రింటరుకి డ్రైవరు మళ్లీ ఎక్కడ దొరుకుద్ది? కొన్నప్పుడు సీడీ కూడా ఇవ్వలా."

"సీడీలు ఎవడిస్తన్నాడండీ? అన్నీ లోపలే పెట్టేస్తారుగా."

లోపల యనగా ఎచ్చట? ఆ ప్రశ్న నేనడుగుటతోనే ఫార్మాటు ఆగినది.

మేము చేసిన మొదటి పని కంప్యూటరు విద్య గాదు, చిల్లర లెక్క. డిస్కుపై 320 గిగాబైట్లని అచ్చువేసియుండగా కంప్యూటరు 298 మాత్రమే చూపునన్నది లోకమున పాత ఫిర్యాదు. అందు మోసమేమియు లేదు. తయారీదారు మెట్టుకు వేయి చొప్పున లెక్కించును, విండోస్ 1024 చొప్పున లెక్కించును. మూడు మెట్లెక్కునప్పటికి 22 గిగాబైట్లు లెక్కలోనే కరగిపోవును. కాని మిత్రుడు తన సీ డ్రైవు 100 గిగాబైట్లనియు, డీ డ్రైవు 183 అనియు చెప్పియుండెను. వెరసి 283. 298లో 283 పోగా మిగిలిన 15 గిగాబైట్లు ఏ లెక్కయందును కరగునవి గావు. ఆ పదునైదు గిగాబైట్ల మీదనే పదేండ్లకు పైగా అతడు కూర్చుండి పని చేయుచున్నాడు.

ఈ దాపరికము ఏల వచ్చెనో చెప్పవలెను. విండోస్ 95ను ఫ్లాపీలపై కొన్నవారికి 13 ఫ్లాపీల కట్ట చేతికి వచ్చెడిది. పిదప సీడీ వచ్చినది. కొన్న వస్తువు చేతిలో కనబడుచుండెడిది. ఈ శతాబ్దారంభమునుండి పెద్ద కంపెనీల కంప్యూటరులతో సంపూర్ణమైన విండోస్ సీడీ నిచ్చు ఆచారము సన్నగిల్లినది. సీడీ చేతులు మారును, ఒకనికై కొన్నది పదిమంది యంత్రములలో ఎక్కును అన్నది ఒక భయము. ప్రతి పెట్టెలోను ఒక సీడీ, ఒక కవరు తగ్గినచో లక్షల పెట్టెలమీద మిగులు మిగులే యన్నది రెండవ యోచన. అందుచేత సీడీలోని సరుకును డిస్కుయొక్క యొక కొసను పోసి మూత వేసిరి. అనగా, మన గాదెలో మన చోటునే కొంత ఆక్రమించి, మన ధాన్యమును మనకు తెలియకుండ దాచి, పోల్చుకొను గుర్తును మాత్రము చిన్న అక్షరములలో ఒక కరపత్రమున వ్రాసియిచ్చిరి. కొన్ని కంపెనీలు కొనిన వెంటనే నాలుగైదు డీవీడీలపై ఆ సరుకును దింపుకొమ్మని తెరపై హెచ్చరించెడివి. మనలో ఎందరు దింపుకొంటిమి? "రేపు చూద్దాము" అను మీటను నొక్కనివారు అరుదు.

మూత వేసిన విధము నాకు మిక్కిలి వింతగా తోచినది. 1983లో ఐబీఎమ్ సంస్థ 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో పీసీ ఎక్స్‌టీ యను కంప్యూటరును విడుదల చేసినపుడు, దానితోడి డాస్ 2.0లో డిస్కును భాగములుగా పంచుకొను పద్ధతి యొకటి వచ్చినది. డిస్కు మొట్టమొదటి గదిలోని 512 బైట్లలో 64 బైట్లు మాత్రమే ఆ పంపకమునకు దస్తావేజు. ఒక్కొక్క వాటాకు 16 బైట్లు. కావున నాలుగే వాటాలు. ఆ పదునారింటిలో వాటా ఎచ్చట మొదలగును, ఎంత పొడవు అన్న వివరములతోపాటు, ఇది యేజాతి వాటాయో తెలుపు బైటు ఒకటి యుండును. పదునారు ఆధారముగా గల లెక్కలో అది 07 అయినచో విండోస్ దానిని తన సొంత వాటాగా గుర్తించి ఒక అక్షరమిచ్చి మనకు చూపును. 27 అయినచో, అది పునరుద్ధరణకు ప్రత్యేకించినదని యెరిగి, అక్షరమీయక, చూచియు చూడనట్లుండును. తాళము లేదు, గూఢలిపి లేదు, రహస్యపదము లేదు. పదునైదు గిగాబైట్ల సరుకును దాచుచున్నది ఒకే యొక బైటు. అదియు దాచుట గాదు, పక్కకు తలద్రిప్పుకొమ్మని విండోస్‌కు చేసిన కనుసైగ మాత్రమే. విండోస్ మాట విననక్కరలేని లినక్సు ఆ సైగను లెక్కచేయదు. కుర్రవాడు తన జేబులోని లినక్సు పెన్‌డ్రైవుతో యంత్రమును లేపగానే వాటాలు నాలుగును వరుసగా తెరమీదికి వచ్చినవి: విండోస్ 7 తనకై తీసికొన్న 100 మెగాబైట్ల చిన్న గది, సీ, డీ, ఆ తరువాత పేరు లేని ఆ పదునైదు. నాలుగే వాటాలు వీలగు దస్తావేజులో నాలుగును నిండియుండుటచేతనే, పూర్వము మరొక డ్రైవు చేయబోయినపుడు ఎందుకు వీలుగాలేదో మిత్రునికి ఆనాడు బోధపడినది.

తరువాతి కాలపు యంత్రములలో ఈ దస్తావేజుకు బదులు జీపీటీ యనునది వచ్చినది. అందు సాధారణముగ 128 వాటాలకు చోటుండును, జాతిని ఒక బైటుకు మారుగా 16 బైట్ల పొడవైన సంఖ్య తెలుపును. పద్ధతి మాత్రమదియే. ఇంతకంటె గడుసైన దాపరికము నొకదానిని ఐబీఎమ్ తన థింక్‌ప్యాడ్‌లలో కొంతకాలము వాడినది: డిస్కు తన నిజమైన పరిమాణమును తానే తగ్గించి చెప్పునట్లు చేయుట. ఇరువది యెకరములున్నవాడు పద్దెనిమిదని కరణమునకు చెప్పినట్లు, డిస్కే అబద్ధమాడుచుండగా, గ్రుచ్చి గ్రుచ్చి అడుగని ఆపరేటింగ్ సిస్టమ్ దానిని కనిపెట్టజాలదు.

ఇక లోపలి సరుకు. విండోస్ ఎక్స్‌పీ కాలమున ఐ386 అను ఫోల్డరు కనబడినచో అది గింజయే యని గుర్తు. అందలి ఫైళ్లు పెక్కింటికి పేరు చివరి యక్షరము లేక, దాని స్థానమున ఒక అడుగుగీత యుండును. అవి ఒత్తి కుదించిన ఫైళ్లన్నమాట. ఎక్స్‌పాండ్ అను ఆజ్ఞతో ఒక్కొక్కదానిని విప్పుకొనవచ్చును. సీడీ లేకున్నను చెడిన ఫైలు నొకదానిని అందుండి తెచ్చి అతికించి యంత్రమును బ్రదికించిన మెకానిక్కులు ఆ దినములలో ఎందరో కలరు. 2007లో వచ్చిన విస్టాతో ఈ స్థితి మారి, సమస్తమును విమ్ అను ఒకే మూటగా కట్టుట మొదలైనది. ఈ మూట కట్టుటలో ఒక పొదుపరితనమున్నది: ఒకే ఫైలు పది ఫోల్డర్లలో నున్నను లోపలి సరుకును ఒకమారే దాచి, తక్కిన తొమ్మిది చోట్ల దానిని చూపు చీటీలను మాత్రమే యుంచును. అందుచేతనే గృహవినియోగపు విండోస్, కార్యాలయపు విండోస్ మొదలైన పలురకములు ఒకే మూటలో ఇమిడిపోవును. పెద్ద మూటను ముక్కలుగా కోసి నిలువచేయుట కంపెనీల అలవాటు; ఎస్‌డబ్ల్యూఎమ్ అను తోక గల ఫైళ్లు వరుసగా కనబడినచో అవి ఒకే మూట తునకలు.

ఇచ్చట దీపమును దించి చూచుట యవసరము. దాచిన వాటాను కంపెనీవారు చెప్పినట్లు తెరచుటకు, యంత్రము లేచునపుడు ఒక మీటను నొక్కవలసియుండును: హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో ఎఫ్10, ఏసుస్‌లో ఎఫ్9, పాత తోషిబాలలో సున్న. కాని ఆ మీట గింజలను మనచేతికిచ్చునది గాదు. పాత పంటనంతను దున్నివేసి తానే క్రొత్త విత్తనము చల్లునది. సీ డ్రైవులోని వ్రాతలు, ఫొటోలు, కూర్పులు అన్నియు పోవును. కరపత్రమును చదివి ఆ మీటను నొక్కి, పిదప నెత్తి బాదుకొన్నవారిని ఎరుగుదును. మనకు కావలసినది పంట గాదు, గింజ. కనుక ఆ త్రోవను విడిచి, వాటాను చదువుటకు మాత్రమే తెరచి, అందున్నదంతయు వేరొక డిస్కుకు నకలు తీసికొనుట మేలైన పద్ధతి.

మేమును అట్లే చేసితిమి. లినక్సులో ఆ వాటాను వ్రాతకు వీలులేకుండ, చదువుటకే తెరచి, ఉన్నదున్నట్లు బయటి హార్డ్‌డిస్కుకు ఎత్తితిమి. యంత్రము ఆరోగ్యముగా నున్నవారికి లినక్సు సయితము అక్కరలేదు. అడ్మినిస్ట్రేటరుగా కమాండ్ ప్రాంప్ట్ తెరచి డిస్క్‌పార్ట్‌ను పిలిచి, డిస్కును ఎన్నుకొని, లిస్ట్ పార్టిషన్ అన్నచో వాటాల పట్టీ వచ్చును. తగిన వాటాను ఎన్నుకొని అసైన్ అను ఆజ్ఞతో ఒక అక్షరమిచ్చినచో అది తక్కిన డ్రైవులవలె కనబడును. కొన్ని పాత యంత్రములలో ముందుగా ఆ 27ను 07గా మార్చవలసివచ్చును. పని ముగిసిన తరువాత అక్షరమును తొలగించి, అట్లు మార్చిన 07ను మరల 27గా చేయుట మరువరాదు. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అను మాట ఒకటి కలదు. అది వినుటకు ఇంటిపనివలె నిరపాయముగా తోచును గాని, డిస్కు పంపకపు దస్తావేజునే తుడిచివేయును. ఆ మాట జోలికి పోవలదు.

నకలు చేతికి వచ్చిన పిదప మూటలో ఏమున్నదో విప్పకయే చూడవచ్చును. సెవెన్-జిప్ విమ్ మూటను ఫోల్డరువలె తెరచి చూపును. విండోస్‌లోని డిజమ్ అను పనిముట్టు మూటలో ఎన్ని విండోస్‌లున్నవో, వాని పేర్లేమో పట్టీవేసి చెప్పును. మా మూటలో ఒక్కటే యుండెను, విండోస్ 7 ప్రొఫెషనల్. కుర్రవానికి అప్పటికి ఉత్సాహము హెచ్చి, దుకాణమునకు ఫోనుచేసి ఒక ఎస్‌ఎస్‌డీ తెప్పించెను. పాత డిస్కును తాకక పక్కన పెట్టి, క్రొత్త డిస్కును బిగించి, విండోస్ 10 పెన్‌డ్రైవుతో యంత్రమును లేపి, షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కి, నల్లని తెరమీద డిజమ్‌ను పిలిచి, ముక్కలన్నింటిని ఒకే మూటగా నెంచి ఈ క్రొత్త నేలపై పరువుమని యాజ్ఞాపించితిమి. ఆ పిమ్మట బీసీడీబూట్ అను మరొక ఆజ్ఞతో, లేచునపుడు త్రోవ చూపు ఫైళ్లను వ్రాయించితిమి. ఈ ఫైళ్లు లేకున్న సరుకు డిస్కుమీద నున్నను యంత్రము దానిని కనుగొనజాలదు. మొదటిమారు రెండవ ఆజ్ఞను మరచి అరగంట తికమకపడినవారమగుటచే చెప్పుచున్నాను.

యంత్రము లేచినది. పేజ్‌మేకరును పాత ఫాంట్లను మరల ఎక్కించుకొనవలసి వచ్చినను, ధ్వనికి, తెరకు, నెట్‌వర్కుకు వలసిన డ్రైవర్లన్నియు అడుగకయే అమరియున్నవి. ఈ పాతర ధాన్యమునకు నిజమైన విలువ ఈ డ్రైవర్లలోనే యున్నదని నా తలంపు. విండోస్ ఎచ్చటనైన దొరకును. ఒకానొక సంవత్సరమున ఒకానొక కంపెనీ ఒకానొక బోర్డుకై వ్రాయించిన డ్రైవరు, కాలము గడచినకొలది ఎచ్చటను దొరకదు. వానితోపాటు, కొన్ననాడు బలవంతముగా వచ్చి చేరిన ముప్పది దినముల యాంటీవైరసు, ఎవరును ఆడని ఆటలు, కంపెనీ ప్రకటనలు కూడ పునర్జన్మమెత్తి వచ్చినవి. గింజలతో తవుడు తప్పదు గదా!

లైసెన్సు సంగతి ఏమైనదని మిత్రుడు భయపడెను. విండోస్ ఏమియు అడుగలేదు. విస్టా, 7 కాలములలో పెద్ద కంపెనీల మదర్‌బోర్డులోని బయాస్‌నందు ఒక ముద్ర యుండెడిది. మూటలోని విండోస్ ఆ ముద్రను చూచి, ఇది మన యిల్లేయని తలుపు తీయును. అందుచేత ఈ మూటను వేరొక కంపెనీ యంత్రములో ఎక్కించినచో పని చేసినట్లు కనబడినను హక్కు కుదరదు. కుర్రవాడు తనకొక నకలు కావలెనన్నపుడు ఈ మాటయే చెప్పవలసివచ్చినది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ముద్రకు బదులు, ప్రతి యంత్రమునకు వేర్వేరు తాళపుచెవిని బయాస్‌లోనే పొదిగిరి. యంత్రము అడుగునకు అతికించిన చీటీ అరిగిపోయినదని విచారింపనక్కరలేకపోయినది.

వాటానే తుడిచిన తరువాత మేలుకొన్నవారి గతి యేమి? సీ, డీ మాత్రము చాలునని, ఎడమొగముగా నున్న ఆ ముక్కను తీసివేసి చోటు కలుపుకొన్నవారు కొల్లలు. వాటాను తీసివేయుట యనగా దస్తావేజులోని పదునారు బైట్లను కొట్టివేయుటయే గాని, పొలములోని మట్టిని తవ్విపోయుట గాదు. ఆ చోట మరియొకటి వ్రాయబడకమునుపే మేలుకొన్నచో, క్రిస్టోఫ్ గ్రెనియే వ్రాసిన టెస్ట్‌డిస్క్ అను ఉచిత ప్రోగ్రాము డిస్కునంతను కలయజూచి, పాత సరిహద్దుల గుర్తులనుబట్టి దస్తావేజును తిరిగి వ్రాయగలదు. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో వాటా మొదటి గదికి నకలు వాటా చివరి గదిలోనుండుట ఈ వెదకులాటకు మిక్కిలి తోడ్పడును. ఇది తిరుగు పళ్లెరముల పాత హార్డ్‌డిస్కుల మాట. ఎస్‌ఎస్‌డీలో ఆ చోటును విండోస్ 7 గాని తరువాతివి గాని ఫార్మాటు చేసినవో, ట్రిమ్ అను సందేశము డిస్కునకు పోయి, ఆ గదులన్నియు ఖాళీగా నెంచబడును. పిదప టెస్ట్‌డిస్క్ కాదుగదా, ఎవరును వానిని తేజాలరు. డిస్కే గరగరలాడుచు చావుకు సిద్ధముగా నున్నచో, ముందుగా డీడీరెస్క్యూతో నకలు తీయవలెను. అది చెడిన గదుల చెంత మొరాయింపక, మంచివానిని ముందు ఎత్తుకొని, చెడ్డవాని వద్దకు తీరికగా మరల వచ్చును.

ఇంటికి వచ్చి నా ల్యాప్‌టాపులో కూడ అదే లెక్క వేసితిని. విండోస్ 10తో వచ్చిన యంత్రమది. దాచిన వాటా కనబడినది. పరిమాణము మాత్రము 600 మెగాబైట్లకు లోపే. 2015లో వచ్చిన విండోస్ 10 నుండి ఆ ప్రత్యేకమైన పెద్ద మూట అవసరము లేకపోయినది. యంత్రమును క్రొత్తగా చేయుమన్నచో, సీ డ్రైవులోనే యున్న విన్‌ఎస్ఎక్స్ఎస్ అను ఫోల్డరునుండి తన భాగములను తానే ఏరుకొని విండోస్ తిరిగి కూర్చుకొనును. దాచిన వాటాలో నున్నది మరమ్మతు చేయు చిన్న పనిముట్టుల పెట్టె మాత్రమే. 2024 జనవరిలో ఆ పెట్టెను సవరించుటకు మైక్రోసాఫ్టు పంపిన అప్‌డేటు, వాటాలో చోటు చాలక అనేకుల యంత్రములలో విఫలమై, మరి 250 మెగాబైట్లు పెంచుకొనుడని వాడుకరులకే చెప్పవలసివచ్చినది. యాపిల్‌వారు 2011లోనే, లయన్ యను తమ సిస్టమ్‌తో, చిన్న గదిలో పనిముట్టులనుంచి సరుకును ఇంటర్నెట్టునుండి దింపుకొను త్రోవ తొక్కిరి. కావున పాతర కనబడినంతనే ధాన్యమున్నదని సంతోషింపరాదు. పది గిగాబైట్లకు పైబడినచో గింజ యుండుననియు, ఒక గిగాబైటుకు లోపైనచో దీపమును త్రాడును మాత్రమే యుండుననియు స్థూలముగా తలపవచ్చును.

నా పాతరలో దీపమును త్రాడును తప్ప మరేమియు లేకపోవుటచే, ఆ రాత్రియే 8 గిగాబైట్ల పెన్‌డ్రైవు నొకదానిని తీసి, మైక్రోసాఫ్టువారి మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ సరుకును దానిమీదికి దింపుకొంటిని. మిత్రుడు తన మూటను రెండు నకళ్లు చేసి, ఒకటి కేంద్రములోని బీరువాలోను, రెండవది ఇంటిలోను ఉంచెనట. బీరువాలోని దానిపై ఎర్రని మార్కరుతో "తుడపొద్దు" అని వ్రాసియుండగా మొన్న చూచితిని; ఆ యక్షరములు మాత్రము అను ఫాంటు గాదు, సొంత దస్తూరి.